ఎర్ర బోరింగు

మా ఊరి అంగన్‌వాడీలో పాటలకంటే, పలకకంటే ముందు నేర్పేది నీళ్ళు తాగడం. పొద్దున పిల్లలంతా గోడవారగా వరసలో నిలబడతారు. తలా ఒక స్టీలు గ్లాసు. గ్లాసెడు నీళ్ళూ తాగేసి, ఖాళీ గ్లాసును ఎవరి నెత్తిమీద వాళ్ళే బోర్లించుకోవాలి. జుట్టు తడిస్తే నీళ్ళు మిగిల్చినట్టు. తడిసినవాళ్ళకు ఇంకో గ్లాసు. ఈ పద్ధతి ఏ శిక్షణలోనూ చెప్పింది కాదు. ఆయా లక్ష్మీదేవమ్మ తనంతట తాను పెట్టింది.

నీళ్ళ దగ్గర ఆమెకు అంత పట్టుదల ఎందుకో ఊళ్ళో ఎవరూ అడగరు. పెళ్ళయిన కొన్నాళ్ళకు వానలు లేక మొగుడూ పెళ్ళాం బళ్ళారి వైపు మిరపకాయల కోతకు పోయారు. నాలుగేళ్ళ కొడుకు శశిని కూడా తీసుకుపోయారు. అక్కడ గుడిసెలో వాడికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. నీళ్ళు తాగిస్తే ఇంకా ఎక్కువవుతాయని కూలీల గుంపులోని పెద్దవాళ్ళు చెప్పారు. అప్పట్లో మా వైపు చాలామంది నమ్మకం అదే. వాడు నీళ్ళు అడుగుతూ ఉంటే ఆమె తడిగుడ్డతో వాడి పెదాలు తుడుస్తూ కూచుంది.

“అడిగేది మానేసినాడు. తగ్గిందేమో అనుకుంటి” అని ఆమె మా అమ్మతో ఒకసారి అంది. మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

నీళ్ళు తాగించి ఉంటే బిడ్డ బతికేవాడని ఆమెకు చెప్పింది, ఊరికి తిరిగొచ్చాక టీకాలు వేయడానికి వచ్చిన నర్సు. ఆ తర్వాత ఆయా ఉద్యోగం దొరికింది. అప్పటినుంచి లక్ష్మీదేవమ్మకు పిల్లలకు నేర్పవలసిన మంచి అలవాట్లలో మొదటిదీ, మిగతావాటన్నిటికంటే పెద్దదీ నీళ్ళు తాగడమే. చేతులు కడుక్కోవడం, గోళ్ళు కత్తిరించుకోవడం, పండ్లు తోముకోవడం అన్నీ దాని తర్వాతే.

నేనూ ఆ వరసలో నిలబడినదాన్నే. మా కాలంలో తాగే నీళ్ళు ఊరి బయటి పాత బావినుంచి వచ్చేవి. గుమ్మఘట్ట మండలంలో, కర్ణాటక సరిహద్దుకు ఆనుకొని ఉన్న మా ఊళ్ళో వాన ఒక ఏడు పడితే ఇంకో ఏడు మొహం చాటేస్తుంది. నేను హైస్కూల్లో ఉండగా బావి పూర్తిగా ఎండిపోయింది. రిగ్గు లారీ వచ్చి అంగన్‌వాడీ ఎదురుగా బోరు వేసింది. రాతిపొడి ఎగిరి వీధంతా తెల్లబడింది. చాలా లోతుకు పోయాక నీళ్ళు పడ్డాయి. చేతిపంపు బిగించారు. మా వైపు దాన్ని బోరింగు అంటారు. ఆడవాళ్ళు దానికి పసుపూ కుంకుమా పూసి టెంకాయ కొట్టారు. గుమ్మం ముందే నీళ్ళు దొరికినందుకు అందరికంటే సంతోషపడింది లక్ష్మీదేవమ్మ. పిల్లలకు పొద్దున ఒక గ్లాసు చాలదని, ఆటకు ముందొకటి, ఆట తర్వాత ఒకటి పెంచింది. పొద్దుటి గ్లాసు నీళ్ళు కాచి, చల్లార్చి ఇచ్చేది. మిగతావి పిల్లలే బోరింగు కొట్టుకొని దోసిళ్ళతో తాగేవాళ్ళు.

ఆ పిల్లల్లో ఆమెకు ముద్దుల పిల్ల ఆశ్రిత. మా పక్కింటి ఎర్రిస్వామి మామ, అశ్విని అత్తల కూతురు. మూడేళ్ళ వయసునుంచే ఒక్క చుక్క మిగలకుండా తాగేది. గ్లాసు బోర్లించుకొని, “ఆయమ్మా, చూడు! పౌడరు కూడా చెదర్లే!” అని నుదురు చూపించేది.

ఆశ్రితకు పాలపండ్లు ఊడి కొత్తవి వచ్చాయి. వాటిమీద సుద్దముక్కతో గీసినట్టు తెల్లటి చారలు. కొన్నాళ్ళకు ఆ చారలు గోధుమరంగుకు తిరిగాయి. ఆమె ఒక్కతే కాదు, ఆ వయసు పిల్లలందరి నోళ్ళూ అలాగే మారుతున్నాయి. లక్ష్మీదేవమ్మకు ఇది అవమానంలా తోచింది. వేపపుల్ల పోయి బ్రష్షులు వచ్చాయి కాబట్టి పిల్లలు సరిగా తోముకోవడం లేదని ఆమె తేల్చేసింది. ఉప్పు, బొగ్గుపొడి కలిపి డబ్బాలో పెట్టింది. పెద్ద బడికి పోయే పిల్లలను కూడా పిలిచి, తన ముందే తోమించేది.

నేను అనంతపురంలో ఎం.ఏ. చదువుతూ సెలవులకు వచ్చినప్పుడు ఆమె నన్ను వదిలేది కాదు. చేయి పట్టుకొని పిల్లల ముందు నిలబెట్టేది.

“ఈ అక్క పండ్లు చూడండి. మల్లెమొగ్గలుండాయి. ఎందుకుండాయి? దినామూ తోముతాది. ఏమ్ పాపా, నోరు తెరువు. సిగ్గేమిటికి? పండ్లు చూపిచ్చేకి గూడ సిగ్గా?”

నేను నోరు తెరిచేదాన్ని. పిల్లలు దగ్గరికొచ్చి చూసేవాళ్ళు. ఆశ్రిత నా పండ్లు చూసి, వేలితో తన పండ్లు తడిమి చూసుకొని, మర్నాడు ఎంత గట్టిగా రుద్దుకుందంటే చిగుళ్ళనుంచి నెత్తురొచ్చింది. అశ్విని అత్త పోట్లాటకు వచ్చింది.

“అక్కా, పండ్లు తోమమంటివా, గిన్నెలు తోమమంటివా? నోరంతా పుండు చేసుకునింది బిడ్డ!”

“నీ బిడ్డ నోరు గబ్బుగుంటే నాకేమి లాభం అశ్వినీ? రేపు పెండ్లిచూపులకొచ్చినోళ్ళు నవ్వమంటే ఏం చేస్తుంది? చేయి అడ్డం పెట్టుకుంటుందా?” అంది లక్ష్మీదేవమ్మ.

నిజానికి ఆశ్రిత అప్పటికే నవ్వేటప్పుడు చేయి అడ్డం పెట్టుకుంటోంది.

ఆ ఏడే ఒకరోజు ఇద్దరు మనుషులు మోటారు సైకిల్ మీద వచ్చి, బోరింగుకు ఎర్రరంగు కొట్టి వెళ్ళిపోయారు. ఎవరితోనూ ఏమీ మాట్లాడలేదు. చెట్టుకింద కూచున్న దాసప్ప తాత, “ఎలక్షన్లు వస్తాండాయి గదప్పా, ఎర్రజెండావోళ్ళు బోరింగుని గూడ పార్టీలో చేర్చుకున్యారేమో” అన్నాడు. అందరూ నవ్వారు. తుప్పు పట్టిన బోరింగు కొత్తగా నిగనిగలాడుతుంటే చూడముచ్చటగానే ఉంది. శుక్రవారం ఎవరో దాని మెడకు పూలమాల కూడా చుట్టారు.

లక్ష్మీదేవమ్మకు అది పాఠానికి పనికొచ్చింది. రంగులు నేర్పేటప్పుడు, ఆకుపచ్చకు కానుగాకు చూపించేది. పసుపుకు కొమ్ము చూపించేది. ఎరుపుకు కిటికీలోంచి చేయి చాచేది. “ఎరుపు ఏదిరా?” అంటే పిల్లలంతా “బోరింగు!” అని అరిచేవాళ్ళు. “ఎర్ర బోరింగు నీళ్ళు తాగితే?” అంటే “బలమొస్తుంది!” అనేవాళ్ళు. అంగన్‌వాడీ టీచరు పోస్టు అప్పట్లో ఖాళీగా ఉండేది. పిల్లలకు తల్లీ, టీచరూ అన్నీ ఆమే.

ఏడాదికి పైగా అలా గడిచింది. అప్పుడు రాయదుర్గం నుంచి అరుణజ్యోతి అనే కొత్త టీచరు వచ్చింది. చేరిన వారంలోనే పిల్లలను రంగులు అడిగింది. ఎరుపు ఏదంటే పిల్లలు ఎప్పటిలా అరిచారు. ఆమె కిటికీలోంచి బయటికి చూసింది.

“అక్కా, ఆ బోరింగు నీళ్ళు దేనికి వాడుతాండారు?”

“అన్నిటికీ మేడం. తాగేకి, వంటకి...”

“తాగేకా?” టీచరు గొంతు మారింది. “ఎరుపు కొట్టినారంటే ఆ నీళ్ళు తాగగూడదని అక్కా. ఫ్లోరైడు ఎక్కువుండాదని గుర్తు. పండ్లు పాడైతాయి. ఎముకలు వంకరపోతాయి. మీకెవురూ చెప్పల్యా?”

“గడపకి ఎరుపూ పసుపూ పూసుకునేటోళ్ళం మేడం మేము. ఎరుపంటే తాగొద్దని యాడ నేర్చుకోవల్ల?” అంది లక్ష్మీదేవమ్మ. పొయ్యివైపు చేయి చూపి, “నేను కాంచి ఇస్తాండా గదా” అంది.

“కాంచితే పొయ్యేది కాదక్కా అది. నీళ్ళు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది.”

ఆ సాయంత్రం లక్ష్మీదేవమ్మ ఆశ్రితా వాళ్ళ ఇంటికి వచ్చి మెట్టుమీద కూచుంది. మేమంతా చెనిక్కాయలు వలుస్తున్నాం. ఆమె ఆశ్రితను దగ్గరికి తీసుకొని, గడ్డం పట్టుకొని పండ్లు చూసింది.

“నువ్వు బాగనే తోముకుంటాండావు పాపా. తప్పు నీది కాదు” అంది.

ఆశ్రితకు ఏమీ అర్థం కాలేదు. “అయితే ఉప్పు వద్దా?” అని సంతోషంగా అడిగింది.

పండ్లతో అయిపోయి ఉంటే బాగుండేది. కొన్ని నెలలుగా ఆశ్రిత నడకలో తేడా కనిపిస్తోంది. నిలబడితే మోకాళ్ళు ఒకదానికొకటి తగిలేవి, పాదాలు దూరంగా ఉండేవి. పరిగెత్తబోయి పడిపోయేది. చూసుకోక పడుతోందని ఇంట్లో తిట్టేవాళ్ళు. టీచరు చెప్పాక ఎర్రిస్వామి మామ ఆమెను అనంతపురం ఆసుపత్రికి తీసుకుపోయాడు. హాస్టలునుంచి వెళ్ళి నేనూ వాళ్ళతో కూచున్నాను. ఎక్స్‌రే చూసిన డాక్టరు మాటలు సూటిగా ఉన్నాయి. పాపకు ఎనిమిదేళ్ళే కాబట్టి ఎముక ఇంకా పెరుగుతోంది. ఆ నీళ్ళు పూర్తిగా ఆపి, పాలు, గుడ్లు, ఆకుకూరలు పెడితే వంకర ఇంతటితో ఆగవచ్చు, తర్వాత ఆపరేషన్ చేసి సరిచేయవచ్చు. ఆపకపోతే పెద్దయ్యాక నడవడమే కష్టం.

“కొంచెం తగ్గించేది కాదు. నోట్లోకే పోగూడదు” అన్నాడు.

ఈ మాటలు విన్నాక లక్ష్మీదేవమ్మకు ఇంకో పని లేకుండా పోయింది. ఆశ్రిత నోట్లోకి ఆ నీళ్ళు పోకుండా చూడటమే ఆమె పని.

తాగే నీళ్ళు పక్క ఊళ్ళో నీళ్ళు శుద్ధిచేసే ఫిల్టరు నుంచి ఆటోలో క్యాన్లలో వస్తాయి. కరెంటు ఉంటే వస్తాయి, ఆటోవాడికి తీరికుంటే వస్తాయి. కొనగలిగినవాళ్ళు కొనేవాళ్ళు. కొననివాళ్ళు బోరింగు కొట్టేవాళ్ళు. ఎర్రిస్వామి మామ ఆ ఏడు చెనిక్కాయ కట్టె మాత్రమే ఇంటికి తెచ్చుకున్నాడు, కాయ లేదు. వంటకూ స్నానానికీ బోరింగు నీళ్ళే. ఆశ్రిత తాగడానికి మాత్రం ఒక బిందె ఫిల్టరు నీళ్ళు విడిగా పెట్టారు. అంగన్‌వాడీ క్యాన్లో తన వంతు నీళ్ళను లక్ష్మీదేవమ్మ చెంబులో తెచ్చి ఆ బిందెలో పోసేది. ఆమె మటుకు బోరింగు నీళ్ళే తాగేది. “నా ఎముకలు వంగితే ఎవురికేమి?” అనేది.

కానీ ఆశ్రిత గుక్కెడు గుక్కెడుగా తాగే పిల్ల కాదు. గ్లాసు నింపితే ఖాళీ చేసే పిల్ల. మధ్యాహ్నానికల్లా బిందె అడుగు కనిపించేది.

“కొంచెం కొంచెం తాగు తల్లీ. నాలిక తడుపుకో, మిగిలింది పెట్టుకో” అనేది లక్ష్మీదేవమ్మ.

“నువ్వే గదా ఆయమ్మా, మిగిలిస్తే ఇంకో గ్లాసంటివి?”

“అప్పుడు నాకు తెల్దు పాపా.”

ఆ మాట అంటున్నప్పుడు ఆమె మొహం చూడటానికి నాకు ధైర్యం చాలేది కాదు. నీళ్ళు తాగొద్దని ఒక బిడ్డకు చెప్పవలసి రావడం ఆమెకు ఎలా ఉండి ఉంటుందో మా అమ్మకూ నాకూ తెలుసు.

అంగన్‌వాడీలో నేర్చుకొని పెద్ద బడికి పోయిన పిల్లలు ఆడి ఆడి నేరుగా బోరింగు దగ్గరికే పోయేవాళ్ళు. కాళ్ళు వాటంతట అవే అటు నడిచేవి. లక్ష్మీదేవమ్మ వంట ముగించి అక్కడ కాపలా నిలబడేది. “ఒరే, ఆయమ్మ! మూతి తుడుచుకోండ్రా!” అని పిల్లలు కేకలు వేసుకొని పారిపోయేవాళ్ళు. బిందెలతో వచ్చిన ఆడవాళ్ళు ఊరుకునేవాళ్ళు కాదు.

“ఏమక్కా, బోరింగు నీ మొగుడు రాసిచ్చిన ఆస్తా? నిన్నటిదాకా తాగండి తాగండి అంటివి. ఈపొద్దు తాగొద్దంటాండావు. రేపు ఊపిరి గూడ తీసుకోవద్దంటావేమో!”

ఆమె అక్కడినుంచి కదిలేది కాదు. ఆశ్రిత కూడా రెండు మూడుసార్లు దొంగతనంగా తాగింది. తాగి, పావడ అంచుతో మూతి, చేతులు ఆరేలా తుడుచుకొని వచ్చేది. తడి పావడ పట్టుకొని లక్ష్మీదేవమ్మ ఒకసారి ఆ పిల్లను కొట్టింది. అంగన్‌వాడీలో అన్నేళ్ళలో ఆమె ఒక పిల్లమీద చెయ్యెత్తడం అదే మొదలు. తర్వాత ఆశ్రితను ఒళ్ళో కూచోబెట్టుకొని చెప్పింది.

“నీకు నడిచేకి కాళ్ళు కావల్నా వద్దా?”

“కావల్ల.”

“అయితే నా మీద ఒట్టు పెట్టు. ఆ నీళ్ళు తాగనని.”

ఆశ్రిత ఆమె నెత్తిమీద చేయి పెట్టి ఒట్టు వేసింది. ఆ పిల్ల ఒట్టు వేస్తే తప్పేది కాదు. ఆ రోజునుంచి బోరింగు జోలికి పోలేదు. చిన్న సీసాలో నీళ్ళు పట్టుకొని, మూత తీసి నాలుక తడుపుకొని, మళ్ళీ బిగించి పెట్టుకునేది. పెదాలు పగిలిపోతున్నా సీసాలో నీళ్ళు మిగిలి ఉండేవి. లక్ష్మీదేవమ్మ అది చూసి టీచరుతో, “నేర్చుకునింది మేడం. బంగారం నా బిడ్డ” అని చెప్పుకుంది.

మే నెలలో, నేను సెలవులకు ఇంటికొచ్చి ఉండగా, పెద్ద గాలి కొట్టింది. చినుకు రాలకుండానే కరెంటు స్తంభాలు పడిపోయాయి. ఫిల్టరు ఆగిపోయింది. ఆటో రాలేదు. పంచాయతీ కొత్తగా వేసిన పైపుల్లో ఎప్పుడో ఒకసారి వచ్చే నీళ్ళూ రాలేదు. ఆశ్రిత బిందె అడుగంటింది. మా ఇంట్లో ఉన్న క్యాను కూడా పిల్లకే ఇచ్చాం. అదీ అయిపోయింది. సీసాలో మాత్రం కొన్ని నీళ్ళు మిగిలాయి. ఆ పొద్దున అశ్విని అత్త ఉపాధి పనికి చెరువు పూడిక తీయడానికి పోతూ ఆశ్రితను వెంట తీసుకుపోయింది. ఇంట్లో వదిలిపెడితే బోరింగు దగ్గరికి పోతుందేమోనని భయం.

ఎండ బాగా ఎక్కాక పిల్లను భుజాన వేసుకొని పరిగెత్తుకుంటూ వచ్చింది. ఇంటిదాకా పోలేక అంగన్‌వాడీ పంచలోనే దించింది. ఆశ్రిత ఒళ్ళు కాలిపోతోంది, చెమట మాత్రం లేదు. దారిలో రెండుసార్లు వాంతి చేసుకుందట. కళ్ళు లోపలికి పోయాయి. అశ్విని అత్త చేతిలో సీసా ఉంది. అందులో నీళ్ళు సగానికి పైగా అలాగే ఉన్నాయి.

“నీళ్ళుండగానే తాగల్యా అక్కా! తాగమంటే, మద్యాన్నానికి ఉండల్ల అనింది!”

సీసా నీళ్ళు అక్కడే తాగించారు. రెండు గుక్కలు లోపలికి పోయాయి, అవీ బయటికి వచ్చాయి, మిగతావి గడ్డం మీదనుంచి కారిపోయాయి. కేకలు విని వచ్చిన నేను అంబులెన్సుకు ఫోన్ చేశాను. రాయదుర్గం నుంచి రావాలన్నారు. పాప బతికింది, ఆ మాట ముందే చెప్పడం మంచిది. కానీ అప్పుడు అది మాకెవరికీ తెలియదు.

టీచరు బీరువాలోంచి ఓఆర్ఎస్ పొట్లం తీసింది. “నీళ్ళు కావల్ల. శుభ్రమైన నీళ్ళు” అంది. క్యాను ఖాళీ. నేను వీధిలో ఇల్లిల్లూ తిరిగి వచ్చాను. ఎవరి దగ్గరా లేవు.

లక్ష్మీదేవమ్మ చెంబు తీసుకొని బయటికి పోయింది. బోరింగు చప్పుడు వినిపించింది. నిండు చెంబుతో వచ్చి, పొట్లం చించి అందులో పోసి కలిపింది.

“అక్కా, ఆ నీళ్ళు...” అంది అశ్విని అత్త.

“తెలుసు” అంది లక్ష్మీదేవమ్మ. “నోరు మూసుకొని బిడ్డ తల ఎత్తి పట్టుకో.”

చెంచా పెదాల దగ్గరికి పోగానే ఆశ్రిత నోరు బిగించేసింది. కళ్ళు సగం తెరిచి చూసి తల అడ్డంగా ఊపింది. లక్ష్మీదేవమ్మ బుగ్గలు నొక్కింది. పండ్లు విడలేదు.

“తాగు తల్లీ.”

“బోరింగు” అంది ఆశ్రిత, పండ్ల సందునుంచి. “ఒట్టు వేసినా గదా.”

ఆ పిల్లకు ఆమె ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు. నీళ్ళ గురించైతే ఎవరితోనూ అబద్ధమాడలేదు. చెంచా అలాగే పట్టుకుంది. మరో చేత్తో ఆశ్రిత జుట్టు వెనక్కి తోసి, చెవిదగ్గర వంగింది.

“ఇవి ఫిల్టరు నీళ్ళే పాపా. ఆటో ఇప్పుడే వచ్చింది. నా మీద ఒట్టు.”

ఆశ్రిత ఆమె మొహంలోకి చూసింది. పెదాలు విడిపోయాయి. మొదటి చెంచా నాలుకమీద పడగానే ఒక్క క్షణం మింగకుండా పట్టుకుంది. ఆ నీళ్ళ రుచి ఆ పిల్లకు తెలియనిదా? మూడేళ్ళ వయసునుంచి తాగినవి. తర్వాత మింగింది. ఇంకో చెంచా. ఇంకోటి. చెంచాలు చాలక చెంబు అంచును రెండు చేతులతో పట్టుకుంది. వాంతి కాలేదు. గొంతు కదులుతూనే ఉంది.

చెంబు ఖాళీ అయింది. అశ్విని అత్త ఏడుస్తోంది. లక్ష్మీదేవమ్మ ఏడవలేదు, ఎవరివైపూ చూడలేదు. చెంబు తీసుకొని మళ్ళీ బోరింగు దగ్గరికి పోయింది.